పాత కారుకు ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి? డబ్బా కొనేముందు చూసుకోవాల్సినవి

"అన్నా, మా నాయన అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కిస్తున్నం. ఏ ఆయిల్ పోయమంటవు?"

ఈ ప్రశ్న హన్మకొండ నుంచి వస్తుంది, జగిత్యాల నుంచి వస్తుంది, మంచిర్యాల నుంచి మరీ ఎక్కువ వస్తుంది. అడిగేవాళ్లకు కావాల్సింది ఒక కంపెనీ పేరు. అది నేను చెప్పను. ఒకే ఏడాది, ఒకే మోడల్ అంబాసిడర్లు రెండున్నాయి అనుకోండి. ఒకటి నిరుడు బోరింగు (అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిచే పని) చేయించింది, ఇంకొకటి ఇరవై ఏళ్లుగా ఎవరూ విప్పనిది. రెంటికీ ఒకే నూనె సరిపోవాలని ఏం లేదు. నూనె ఎంపిక షాపులో కాదు, బానెట్ ఎత్తిన దగ్గర మొదలవ్వాలి.

మన షెడ్లలో అలవాటైన జవాబు ఒకటుంది: "20-50 పోద్దాం సార్, సౌండ్ పోతది." అంటే చిక్కటి గ్రేడ్ నూనె. సౌండ్ తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు ఆ సౌండ్ ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టే అవకాశం కూడా పోతుంది. అందుకే ఇంజిన్ పరిస్థితి చూశాకే గ్రేడ్ సంగతి అనేది నా పద్ధతి.

ఇక్కడ రాసింది అంబాసిడర్ పెట్రోలు, డీజిలు, ఫియట్ 1100, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్, పాత మహీంద్రా డీజిల్ జీపు, కార్బ్యురేటర్ మారుతి 800 ఉన్నవాళ్లకు. గేరు బాక్సు, డిఫరెన్షియల్ ఆయిల్ వేరే సంగతి, ఇందులో కలపను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బండి మాన్యువల్. లేకపోతే కనీసం ఇంజిన్ నంబరు, మోడల్ సంవత్సరం
- ఉతికిన తెల్ల బట్ట, టార్చి లైటు
- ఒక చిన్న నోటుబుక్కు (ఫోన్‌లో రాసుకున్నా సరే)
- ఆయిల్ ప్రెషర్ మీటరు. బండికి లేకపోతే మంచి షెడ్డులో అడిగితే పెట్టి చూపిస్తారు
- చాంబర్ (ఇంజిన్ అడుగున నూనె నిలిచే గిన్నె) నట్టుకు సరిగ్గా కూర్చునే పానా, కొత్త రాగి వాషరు
- కొత్త ఆయిల్ ఫిల్టరు, దానితోపాటు వచ్చే రబ్బరు రింగు
- ఐదారు లీటర్లు పట్టే బేసిను, గరాటు, చేతికి గ్లౌజులు

1. బండిలో ఉన్నది ఏ ఇంజినో తేల్చుకోండి

నవ్వకండి. మన దగ్గర ఇది అవసరమైన మెట్టే. ఆర్‌సీలో పెట్రోలు అని ఉంటుంది, బానెట్ ఎత్తితే మటడార్ డీజిల్ ఇంజిన్ కూర్చుని ఉంటుంది. డిస్ట్రిబ్యూటరు, ప్లగ్గు వైర్లు కనిపిస్తే పెట్రోలు. ఇనుప గొట్టాలు పంపు నుంచి ఇంజెక్టర్లకు పోతుంటే డీజిలు.

అంబాసిడర్ అయితే ఇంకొక ప్రశ్న ఉంది. అది పాత బీఎంసీ 1489 సీసీ ఇంజినా, తర్వాత వచ్చిన ఇసుజు ఇంజినా? 1489 ఇంజిన్‌లో వాల్వులను ఆడించే క్యామ్ షాఫ్ట్ బ్లాకు లోపల, పక్కకు ఉంటుంది. దాని మీద అడుగు చదునుగా ఉండే ట్యాపెట్లు రాసుకుంటూ పైకీ కిందికీ ఆడతాయి. ఫియట్ 1100 కూడా ఇదే పుష్‌రాడ్ పద్ధతి. ఈ రాపిడి సంగతి 6వ మెట్టులో పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

గ్యాస్ కిట్ ఉంటే అది కూడా రాసుకోండి. ఎల్‌పీజీ మీద నడిచే బండిలో నూనె ఎన్ని కిలోమీటర్లు తిరిగినా తేటగానే కనిపిస్తుంది. రంగు చూసి "ఇంకా బాగానే ఉంది" అనుకుని వదిలేస్తే లోపల సరుకు అయిపోయి ఉంటుంది.

2. ఇప్పుడున్న నూనెను చూడండి, వాసన చూడండి

బండి చదునైన చోట నిలబెట్టి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగండి. గేజి పుల్ల తీసి తెల్ల బట్టతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. చూడాల్సినవి ఇవి:

మట్టం. రెండు గీతల మధ్య ఉండాలి. పోయకుండానే మట్టం పెరిగి ఉంటే అది శుభవార్త కాదు, పైనుంచి ఏదో కలుస్తోంది.

వాసన. పుల్లను ముక్కు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ముందు పెట్రోలు పంపును అనుమానించండి. అంబాసిడర్, ఫియట్ బండ్లలో పంపు ఇంజిన్ పక్కనే బిగించి ఉంటుంది. దాని లోపలి రబ్బరు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు నేరుగా చాంబర్‌లోకి దిగుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరుకు పడదు కాబట్టి ఈ జబ్బు ఇదివరకటికన్నా ఎక్కువే చూస్తారు. పంపు బాగుచేయకుండా ఎంత ఖరీదైన నూనె పోసినా వారంలో పలచబడుతుంది. పలచబడిన నూనెతో బేరింగులు పోతాయి. కార్బ్యురేటర్ పొంగినా ఇదే వాసన వస్తుంది.

తెల్ల మీగడ. నూనె పోసే మూత కింద మాత్రమే తెల్లగా, మజ్జిగ నురగలా ఉండి, పుల్ల శుభ్రంగా ఉండి, రేడియేటర్ నీళ్లు తగ్గకపోతే అది తేమ. వానకాలంలో, చలికాలంలో బండిని కూరగాయల మార్కెట్ దాకా మాత్రమే తిప్పేవాళ్లకు వస్తుంది. పుల్ల మీద కూడా అదే మీగడ ఉండి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. అప్పుడు ఆయిల్ కొనడం ఆపి మెకానిక్ దగ్గరికి పొండి.

తేమ గురించి ఒక పక్క మాట. మన దగ్గర ఎండలకు భయపడి చాలామంది థర్మోస్టాట్ తీసి పారేస్తారు. అది లేకపోతే డిసెంబరులో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, నూనెలో చేరిన తేమ ఆవిరై పోదు. రేడియేటర్ శుభ్రంగా, ఫ్యాను బెల్టు బిగువుగా ఉంటే రామగుండం ఎండలో కూడా థర్మోస్టాట్ ఉన్న బండి వేడెక్కదు. తీసేసి ఉంటే మళ్లీ పెట్టించండి.

గరుకు. వేళ్ల మధ్య రెండు చుక్కలు రాసి చూడండి. ఇసుకలా తగిలితే ఎయిర్ ఫిల్టర్ సంగతి, మెరిసే పొడి కనిపిస్తే బేరింగుల సంగతి.

డీజిల్ ఇంజిన్‌లో నూనె పోసిన రోజే నల్లబడుతుంది. అది మసిని పట్టి ఉంచుతోందని అర్థం, భయం లేదు.

3. ఎంత తాగుతోందో లెక్క కట్టండి

మట్టం పై గీత దాకా నింపి, కిలోమీటర్ల రీడింగు రాసుకోండి. 500 కిలోమీటర్ల తర్వాత ఎంత పోస్తే మళ్లీ పై గీతకు వచ్చిందో కొలిచి చూడండి. మీటరు పనిచేయకపోతే (పాత బండ్లలో పనిచేసేదే తక్కువ) తెలిసిన దూరం లెక్కేసుకోండి. హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయి వస్తే దాదాపు 300 కిలోమీటర్లు.

వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు లోపు తాగితే పాత ఇంజిన్‌కు అది ఆరోగ్యమే. లీటరుకు దగ్గరైతే చిక్కటి గ్రేడుతో కొంతకాలం నెట్టుకురావచ్చు. అంతకు మించితే డబ్బు డబ్బాల మీద కాదు, ఇంజిన్ పని మీద పెట్టండి.

పొగ కూడా కథ చెబుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలి పొగ వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్లు, సీళ్లు. ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులు, బోరు.

4. వేడి మీద ప్రెషర్ చూడండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. గ్రేడ్ నిర్ణయించేది మాత్రం ఇదే.

పొద్దున చల్లటి ఇంజిన్‌లో ప్రెషర్ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, అది లెక్కలోకి రాదు. అరగంట నడపండి. నూనె బాగా వేడెక్కాక రెండు రీడింగులు తీసుకోండి: న్యూట్రల్‌లో మెల్లగా (ఐడిల్‌లో) తిరుగుతున్నప్పుడు ఒకటి, రోడ్డు మీద టాపు గేరులో 50-60 వేగంలో ఒకటి.

వెయ్యి ఆర్‌పీఎంకు (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 10 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) అనేది పాత ఇంజిన్లకు వాడే మోటు లెక్క. మీ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే వేదం. వేడి మీద ఐడిల్‌లో 15 పైన, రోడ్డు మీద 40-50 చూపిస్తే బేరింగులు గట్టిగా ఉన్నాయి, చిక్కటి నూనె అక్కర్లేదు. ఐడిల్‌లో 10 కిందికి జారుతూ, రోడ్డు మీద 30 కూడా అందుకోకపోతే బేరింగుల్లో సందులు పెరిగాయి, లేదా పంపు అరిగింది.

మీటరు లేని బండిలో ఎర్ర లైటు ఒక్కటే దిక్కు. వేడి మీద సిగ్నల్ దగ్గర ఆ లైటు మినుకుమంటోందంటే ముందు స్విచ్చి పాడైందేమో మీటరు పెట్టి చూడండి. మీటరు కూడా తక్కువే చూపిస్తే బండి నడపడం ఆపండి. పెద్ద చప్పుడుతో కలిసి లైటు వెలిగితే మాత్రం ఎక్కడున్నా ఇంజిన్ వెంటనే ఆపండి, "షెడ్డు దాకా పోదాం" అనుకోవద్దు.

5. గ్రేడ్ ఎంచుకోండి

20డబ్ల్యూ-40 అన్నప్పుడు మొదటి అంకె చలిలో నూనె ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, రెండోది 100 డిగ్రీల వేడి దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. థియరీ ఇంతటితో చాలు.

20డబ్ల్యూ నూనెను చలికి పరీక్షించేది సున్నాకు 15 డిగ్రీలు కింద. వరంగల్‌లో జనవరిలో 12-13 డిగ్రీలు, ఆదిలాబాద్ వైపు అంతకన్నా తక్కువకు పోయినా ఆ దరిదాపుల్లో కూడా లేదు. కాబట్టి చలి కోసం 5డబ్ల్యూ, 0డబ్ల్యూ అని వెతకనక్కర్లేదు. మనం చూడాల్సింది రెండో అంకె.

ప్రెషర్ బాగుంది, తాగుడు తక్కువ, లేదా కొత్తగా బోరింగు చేయించారు: పెట్రోలుకు 20డబ్ల్యూ-40. డీజిలుకు 15డబ్ల్యూ-40 లేదా 20డబ్ల్యూ-40. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్, జీపు అన్నీ ఇందులోకే వస్తాయి. కార్బ్యురేటర్ మారుతి 800కు కూడా 20డబ్ల్యూ-40 సరిపోతుంది. దాన్ని 50కి తీసుకుపోకండి, చిన్న ఇంజిన్, సన్నటి దారులు.

ప్రెషర్ ఐడిల్‌లో 10-15 మధ్య, ఏప్రిల్, మే ఎండలో ఇంకా తగ్గుతోంది, వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు పైన తాగుతోంది: 20డబ్ల్యూ-50. గోదావరిఖని, మంచిర్యాల, పెద్దపల్లి బెల్టులో 45 డిగ్రీల మధ్యాహ్నాలు తిరిగే అరిగిన పెట్రోలు ఇంజిన్‌కు ఇది న్యాయమే.

20డబ్ల్యూ-50 పోసినా ఐడిల్‌లో 10 దాటడం లేదు: ఇక నూనెతో అయ్యేది లేదు. చాంబర్ దింపి బేరింగులు, పంపు చూపించండి.

సింగిల్ గ్రేడ్ 40 నూనె కొన్ని షాపుల్లో ఇంకా ఉంటుంది. ఎండాకాలం మాత్రమే నడిపే జీపుకు పనికొస్తుంది గానీ, చలికాలం పొద్దున పైదాకా ఎక్కడానికి టైం తీసుకుంటుంది. మల్టీగ్రేడ్ దొరుకుతున్నప్పుడు దాని జోలికి పోవడం దేనికి?

ఇంకొక అపోహ కూడా ఉంది. గేరు ఆయిల్ మీద 90 అని చూసి అది 50 కన్నా రెట్టింపు చిక్కన అనుకుని ఇంజిన్‌లో కాస్త కలిపేవాళ్లున్నారు. ఆ 90 వేరే కొలబద్ద. వేడి మీద అది చిక్కదనంలో 40, 50 ఇంజిన్ ఆయిళ్లకు దగ్గరే. చిక్కదనం పెరగదు సరికదా, గేరు ఆయిల్‌లోని గంధకం మందులు ఇంజిన్ బేరింగులకు చేటు.

6. ఏపీఐ అక్షరాలు చదవండి

డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో ఏపీఐ (నూనెల నాణ్యతకు తరగతులు నిర్ణయించే అమెరికా సంస్థ) అని ఉండి, పక్కన రెండు అక్షరాలుంటాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోలు, సీతో మొదలైతే డీజిలు. ఎస్ఎల్ 2001లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. డీజిల్ వైపు సీఎఫ్-4 1990లో, సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో.

ఇక్కడే అమెరికా వీడియోలు చూసినవాళ్లు భయపడతారు: "కొత్త ఆయిళ్లలో జింక్ తీసేశారు, మన క్యామ్ పోతుంది." ఇందులో సగమే మనకు వర్తిస్తుంది.

జింక్, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ అనే మందు, లోహం లోహాన్ని గట్టిగా నొక్కే చోట పొరలా ఏర్పడి అరుగుదల ఆపుతుంది. 1వ మెట్టులో చెప్పిన చదును ట్యాపెట్లకు ఇది ప్రాణాధారం. కానీ ఫాస్ఫరస్ పొగలో కలిసి పోయి కొత్త బండ్లలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను చెడగొడుతుంది. అందుకే 2004లో వచ్చిన ఎస్ఎం నుంచి ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి మించనివ్వకుండా కట్టడి చేశారు. ఆ కట్టడి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడ్లకే. 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకు అది లేదు. కాబట్టి మనం వాడే గ్రేడ్లలో ఎస్ఎల్, ఎస్ఎం, ఎస్ఎన్ ఏది రాసి ఉన్నా భయపడనక్కర్లేదు. మీ అంబాసిడర్‌లో 5డబ్ల్యూ-30 ఎస్‌పీ పోస్తేనే సమస్య. అది చిక్కదనంలోనూ తప్పే, మందులోనూ తప్పే.

మనసు ఒప్పకపోతే ఒక మంచి ప్రత్యామ్నాయం ఉంది. 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిళ్లలో కొన్నింటి మీద సీఐ-4, ఎస్ఎల్ రెండూ రాసి ఉంటాయి. లారీల కోసం తయారయ్యే ఈ నూనెల్లో అరుగుదల ఆపే మందు ధారాళంగా ఉంటుంది, లారీ సామాన్ల షాపుల్లో తేలిగ్గా దొరుకుతాయి. ప్రెషర్ బాగున్న పెట్రోలు అంబాసిడర్‌కు, ఫియట్‌కు నిశ్చింతగా వాడొచ్చు. ఎస్ అక్షరం కూడా ఉందో లేదో మాత్రం చూడండి.

పాత డీజిల్‌కు సీఎఫ్-4 సరిపోతుంది, సీహెచ్-4, సీఐ-4 దొరికితే ఇంకా మంచిది. కొత్త బీఎస్-6 లారీల కోసం వచ్చే సీకే-4కు డబ్బు తగలేయాల్సిన పని లేదు.

విడిగా అమ్మే జింక్ సీసాలు కొని కలపకండి. మోతాదు మించితే అదే మందు లోహాన్ని తినడం మొదలుపెడుతుంది.

డబ్బా మీద గ్రేడ్ ఉండి ఏపీఐ అక్షరాలే లేకపోతే? కొనకండి.

7. మినరలా, సింథటికా?

మినరల్. దీనిమీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. సింథటిక్ చెడ్డదని కాదు, మన ఇంజిన్లకు దాని లాభం అందదు. ఎక్కువ కిలోమీటర్లు మన్నడం దాని గొప్ప. మన బండ్లలో నూనె చెడేది కిలోమీటర్లతో కాదు, తేమతో, పెట్రోలుతో, దుమ్ముతో. పైగా పాత 1489 ఇంజిన్‌లో క్రాంకు వెనక వైపు రబ్బరు సీలే ఉండదు. క్రాంకు మీద మర చుట్టు లాంటి గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు అదే నూనెను లోపలికి తోస్తుంది. కాబట్టి ఆపి ఉంచిన బండి కింద పొద్దున రెండు చుక్కలు కనిపిస్తే అది రోగం కాదు. పలచటి సింథటిక్ పోస్తే ఆ రెండు చుక్కలు చిన్న మడుగవుతాయి.

కొత్తగా బోరింగు చేయించిన ఇంజిన్‌కు సింథటిక్ అసలే వద్దు, రింగులు సరిగ్గా కూర్చోకపోవచ్చు. మినరల్ పోసి 500 కిలోమీటర్లకే నూనె, ఫిల్టరు మార్చండి. క్యామ్, ట్యాపెట్లు కూడా కొత్తవైతే మొదటిసారి స్టార్ట్ చేయగానే ఐడిల్‌లో వదలకుండా 20 నిమిషాలు 1500 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య తిప్పాలి. రేడియేటర్ మీద కన్నేసి ఉంచండి.

8. కొనేటప్పుడు

సర్వో, మ్యాక్, హెచ్‌పీ లాంటి ప్రభుత్వ కంపెనీల నూనెలు వాళ్ల బంకుల్లోనే దొరుకుతాయి. ప్రైవేటు కంపెనీలవి వరంగల్‌లో అయితే ఆటోనగర్, ములుగు రోడ్డు వైపు స్పేర్ పార్ట్స్ షాపుల్లో. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి.

మూత సీలు తెగి ఉందా, మూత చుట్టూ జిగురు మరకలున్నాయా, బ్యాచ్ నంబరు, తయారీ నెల చెరిపినట్టున్నాయా చూడండి. ఖాళీ డబ్బాలు కొని మళ్లీ నింపి అమ్మే వ్యాపారం ఒకటి ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ ఎంత చవకైనా వద్దు.

అంబాసిడర్ 1489కు నాలుగు లీటర్లకు అటూ ఇటూ పడుతుంది, మారుతి 800కు మూడుకు అటూ ఇటూ. పై నింపుడుకు ఇంకో లీటరు అదే రకం తెచ్చిపెట్టుకోండి.

9. మార్చడం

బండిని పది పదిహేను నిమిషాలు నడిపి, నూనె వెచ్చబడ్డాక ఆపండి. చల్లటి నూనెతో మురికి అడుగునే ఉండిపోతుంది. మరీ సలసలలాడేదైతే చెయ్యి కాలుతుంది.

బండి కిందికి దూరాలంటే జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు. ఇటుకలు అసలే వద్దు, పగులుతాయి. స్టాండ్లు లేకపోతే షెడ్డులో చేయించుకోండి, మీరు పక్కన నిలబడి చూడండి.

చాంబర్ నట్టు విప్పి కనీసం పావుగంట కారనివ్వండి. పాత రాగి వాషర్ తీసి కొత్తది వేయండి. బిగించేటప్పుడు బలం చూపించకండి, మర పోతే చాంబరే మార్చాలి.

గిన్నె రకం ఫిల్టరున్న పాత అంబాసిడర్లలో ఒక తిరకాసు ఉంది. గిన్నె అంచు కూర్చునే గాడిలో పాత రబ్బరు రింగు ఎండి, నల్లగా, ఇనుములో భాగంలా అతుక్కుని ఉంటుంది. అది కనపడక దాని మీదే కొత్త రింగు పెట్టి బిగిస్తారు. స్టార్ట్ చేసిన నిమిషంలో నూనె మొత్తం నేల మీద ఉంటుంది. టార్చి వేసి, సన్నటి సూదితో గాడి చుట్టూ గీకి, పాత రింగును పూర్తిగా తీయండి. గాడి అడుగున మెరిసే లోహం కనిపించాకే కొత్తది పెట్టండి.

నూనె పోశాక వెంటనే స్టార్ట్ చేయొద్దు. పెట్రోలు బండిలో కాయిల్‌కు వచ్చే సన్న వైరు విప్పి, బాడీకి తగలకుండా టేపు చుట్టి, ఐదారు సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. ఎర్ర లైటు ఆరాక వైరు తగిలించి స్టార్ట్ చేయండి. డీజిలులో స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని ఇదే పని చేయండి.

ఏళ్లుగా నిలబెట్టిన బండి అయితే దీనికి ముందే ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, ఒక రోజు ఆగి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడండి. తిరగకపోతే సెల్ఫ్ కొట్టి బలవంతం చేయొద్దు.

ఆయిల్ బాత్ ఎయిర్ ఫిల్టరున్న జీపులు, పాత అంబాసిడర్ల వాళ్లు దాని గిన్నె కూడా కడిగి, గుర్తు దాకా అదే ఇంజిన్ ఆయిల్ పోయాలి. మేడారం జాతరకు పోయి వచ్చాక దీన్ని తెరిచి చూస్తే తెలుస్తుంది. తాడ్వాయి రోడ్డు దుమ్ము అడుగున బురదలా పేరుకుని ఉంటుంది. అది అక్కడ ఆగింది కాబట్టే మీ బోరు బతికింది.

10. పోసిన తర్వాత పరీక్ష

ఐదు నిమిషాలు తిప్పి, ఆపి, నట్టు దగ్గర, ఫిల్టరు దగ్గర బట్టతో తుడిచి తడి ఉందేమో చూడండి. మట్టం మళ్లీ చూసి తక్కువైతే పోయండి. పై గీత దాటించకండి, ఎక్కువైతే క్రాంకు చిలికి నురగ చేస్తుంది, ప్రెషర్ పడిపోతుంది.

100 కిలోమీటర్ల తర్వాత 4వ మెట్టులోని రెండు రీడింగులు మళ్లీ తీసి నోటుబుక్కులో పక్కపక్కన రాయండి. 40 నుంచి 50కి మారినవాళ్లకు ఐడిల్ ప్రెషర్ కొంచెం పెరగాలి. పెరగకుండా, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ట్యాపెట్ల చప్పుడు ఎక్కువసేపు వినిపిస్తుంటే ఆ నూనె పైదాకా ఎక్కడానికి కష్టపడుతోంది. తిరిగి 40కి రండి.

తరచూ చేసే తప్పులు

డీజిల్ పోసి ఇంజిన్ కడగడం. అడిగితే "లోపల సాఫ్ అయితది సార్" అంటారు. అవుతుంది, కానీ ఊడిన మడ్డి ముద్దలు చాంబర్‌లోని జాలిని మూసేస్తాయి. నూనె పైకి ఎక్కదు. మూలల్లో మిగిలిన డీజిల్ కొత్త నూనెను పలచన చేస్తుంది. లోపల మడ్డి ఉందనిపిస్తే మామూలు మినరల్ నూనె పోసి 300-500 కిలోమీటర్లు తిప్పి, ఫిల్టరుతో సహా మార్చండి. వాల్వు కవర్ తీస్తే వేలు మందాన మడ్డి కనిపించిందా, చాంబర్ దింపి చేత్తో శుభ్రం చేయించడం తప్ప వేరే దారి లేదు.

తిరగలేదు కదా అని మార్చకపోవడం. ఏడాదికి 300 కిలోమీటర్లు తిరిగినా ఏడాదికోసారి మార్చాలి. బాగా తిరిగే బండికి 3000 నుంచి 5000 కిలోమీటర్లు. దుమ్ము రోడ్లు, బొగ్గు లారీల వెనక ప్రయాణాలు ఎక్కువైతే 3000 దగ్గరే.

ట్రాక్టరు నూనె పోయడం. ఇందులో రెండు రకాలున్నాయి. ట్రాక్టరు ఇంజిన్ ఆయిల్ 20డబ్ల్యూ-40 సీఎఫ్-4 అయితే డీజిల్ జీపుకు బాగానే పనికొస్తుంది. వెట్ బ్రేక్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్ ఇంజిన్‌వి కావు. ఇంట్లో డబ్బా ఉంది కదా అని చదవకుండా పోయకండి.

దారిలో దొరకకపోతే

ఏటూరునాగారం దాటాక మట్టం తగ్గింది, షాపులో బైకు ఆయిల్ తప్ప లేదు అనుకోండి. 20డబ్ల్యూ-40 బైకు ఆయిల్, డబ్బా మీద 4టీ అని ఉంటే, అర లీటరు, లీటరు పోసుకుని ఇల్లు చేరండి. ఏం కాదు. 2టీ అని ఉన్నది మాత్రం ముట్టొద్దు, అది పెట్రోలులో కలిపి కాల్చేది. స్కూటర్ల పలచటి 10డబ్ల్యూ-30 కూడా వద్దు. ఒకే గ్రేడ్ మినరల్ నూనెలు వేర్వేరు కంపెనీలవి కలిసినా విరిగిపోవు. నూనె తక్కువతో నడపడం కన్నా ఏ కంపెనీదైనా పోసుకోవడం మేలు.

తీసిన నూనె

మోరీలో పోయకండి, ఇంటి వెనకాల గుంట తవ్వి పోయకండి, బావి నీళ్లలోకి దిగుతుంది. చెదలకని తలుపులకు, దూలాలకు పూసే అలవాటు కూడా మానేయండి. కాలిన నూనె చర్మానికి మంచిది కాదు, పిల్లలు తాకే చోట అసలే వద్దు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, వాడిన నూనె సేకరించే పెద్ద సర్వీసు సెంటరుకు ఇవ్వండి. కొత్త నూనె తెచ్చిన ఖాళీ డబ్బాలను పాత సామాన్లవాడికి వేసేముందు అడుగున మేకుతో రెండు చిల్లులు పొడిచి, లేబుల్ చింపి ఇవ్వండి.